కార్తీకంలో తడిసిన టేకు నేల: తిరుపతిలో ఒక కేస్ స్టడీ

కరకంబాడి రోడ్డు వైపు ఒక ఇండిపెండెంట్ ఇల్లు. కింది అంతస్తులో 5.4 మీటర్ల పొడవు, 4.2 మీటర్ల వెడల్పు ఉన్న గది. నేల అసలైన టేకు. పలకలు 18 మి.మీ. మందం, 90 మి.మీ. వెడల్పు, టంగ్ అండ్ గ్రూవ్ రకం (ఒక పలక అంచున ఉన్న నాలుక, అంటే టంగ్, పక్క పలక గాడిలో దిగేది). సిమెంటు నేల మీద అడుగుకొకటి చొప్పున 50 × 25 మి.మీ. రీపర్లు (సన్న చెక్క బద్దలు) వేసి, వాటికి మేకులు దిగ్గొట్టి పరిచారు. పైన పీయూ (పాలీయురేథేన్) పాలిష్ కోటింగ్. గది ముందు సిటౌట్, దానికి నీళ్ళు పోయే గొట్టం ఒక్కటే. నవంబరులో వాయుగుండం పట్టి ముసురు వదలని రోజుల్లో ఒక రాత్రి ఆ గొట్టానికి వేపాకు, కుండీల్లోంచి కొట్టుకొచ్చిన మట్టి అడ్డం పడ్డాయి. సిటౌట్ నిండి ఫ్రెంచ్ డోర్ కింద నుంచి నీళ్ళు గదిలోకి వచ్చాయి. తెల్లారి చూసేసరికి పలకల మీద అంగుళం ఎత్తున నిలిచి ఉన్నాయి.

ఇదే నీరు ఇదే గదిలోకి ఏప్రిల్‌లో వచ్చి ఉంటే చేయాల్సిన పని వేరు, వాడాల్సిన యంత్రాలు వేరు, పాలిష్ పట్టే నెల వేరు. చెక్క ఎంత తడిసిందో తేమ మీటరు చెబుతుంది. దాన్ని ఎంతవరకు ఆరబెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది మాత్రం ఆ ఊరి గాలిని బట్టి తేల్చుకోవాలి. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

నీళ్ళు ఎక్కడున్నాయి

పైన నిలిచినవి తుడిస్తే పోతాయి. సమస్యంతా పలకల కింద. రీపరు ఎత్తు 25 మి.మీ. కాబట్టి సిమెంటుకూ పలకకూ మధ్య అంత ఖాళీ ఉంది. 22.7 చదరపు మీటర్ల గదిలో రీపర్లు ఆక్రమించే ఆరో వంతు తీసేసినా, ఆ ఖాళీ నిండితే 470 లీటర్లు పడతాయి. వెట్ వాక్యూమ్‌తో లాగేశాక 5 మి.మీ. మిగిలినా 95 లీటర్లు అక్కడే ఉన్నట్టు.

టేకు పలకలన్నీ కలిపి ఎండు బరువు దాదాపు 240 కిలోలు. వాటి తేమ 11 శాతం నుంచి 19కి పెరిగిందనుకుంటే చెక్క తాగింది ఇరవై లీటర్లకు లోపే. దాని కింద ఉన్న 50 మి.మీ. సిమెంటు పూత బరువు మాత్రం రెండు టన్నులకు పైనే. అది మూడు శాతం తాగినా 68 లీటర్లు. అంటే చెక్క నేలను ఆరబెడుతున్నామంటూ నిజానికి ఆరబెట్టేది దాని కింద ఉన్న సిమెంటును. ఈ లెక్క ముందే వేసుకోకపోతే మొదటి వారం పలకలు ఆరుతున్నాయని సంబరపడి, రెండో వారం మీటరు ఎందుకు కదలడం లేదో తెలియక జుట్టు పీక్కోవాల్సి వస్తుంది.

మొదటి రీడింగులు ఇవి. పలక పైభాగంలో, 3 మి.మీ. లోతున 17 శాతం. అడుగున, 15 మి.మీ. లోతున 26. రీపర్లు 30 దాటాయి, ఆపైన పిన్ మీటరు (చెక్కలోకి రెండు సూదులు దించి తేమ కొలిచేది) చెప్పే అంకెను నమ్మే పని లేదు. పోల్చుకోవడానికి పై అంతస్తులో అదే టేకు వేసిన, తడవని గది ఉంది. అక్కడ 12.4. పై పొర, అడుగు పొర విడివిడిగా తీయాలంటే కొన దాకా ఇన్సులేషన్ ఉన్న పిన్నులే కావాలి. మామూలు పిన్నులు దారిలో ఎక్కడ తడి ఎక్కువుంటే ఆ అంకె చూపిస్తాయి. మీటరులో చెక్క జాతి సెట్టింగ్ టేకుకు మార్చడం కూడా చాలామంది మరిచిపోయే పని.

అడుగు తడి, పైన పొడి. అందుకే పలకల అంచులు పైకి లేచి మధ్య గుంట పడింది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చితే గుంట 0.9 మి.మీ. టేకు వెడల్పు ప్రతి ఒక శాతం తేమకు 0.19 శాతం దాకా మారుతుంది. దుంగ వలయాలు పలక ముఖానికి సమాంతరంగా ఉండే అడ్డకోత పలకలో ఇది గరిష్ఠం, వలయాలు నిలువుగా ఉండే నిలువుకోతలో దాదాపు సగం. పై పొరకూ అడుగు పొరకూ తొమ్మిది శాతం తేడా ఉన్నప్పుడు 90 మి.మీ. పలకకు లెక్క ప్రకారం రావాల్సిన గుంట కూడా అంతే. లెక్కా కొలతా కలిశాయంటే చెక్క దెబ్బతినలేదు, ఉబ్బింది అంతే. కొలత లెక్కను మించి ఉంటే మేకులు వదిలాయా, టంగ్ విరిగిందా అని వెతకాలి.

ఒక గోడ వెంట మాత్రం నాలుగు వరుసలు గుడారంలా పైకి లేచాయి. కారణం స్కర్టింగ్ (గోడ అడుగున నేలను ఆనుకుని ఉండే పట్టీ) ఊడదీస్తే దొరికింది. గోడకూ పలకకూ మధ్య వదిలిన 10 మి.మీ. సందును పెయింటర్లు పుట్టీతో నింపేశారు. ఉబ్బడానికి చోటు లేకపోతే చెక్క పైకే వెళుతుంది. తిరుపతిలో వుడ్ ఫ్లోర్లు లేచిపోవడానికి వాన కంటే ఈ పుట్టీయే పెద్ద కారణం అనిపిస్తుంది.

కిటికీలు తీయాలా వద్దా

వాన వెలిసి మధ్యాహ్నం కాస్త ఎండ రాగానే వడ్రంగి అడిగిన మాట: "సార్, ఎండొచ్చింది గదా, తలుపులన్నీ తీసి పెడితే రెండ్రోజుల్లో ఆరిపోతాది." ఇంటాయన పై అంతస్తు నుంచి ఇంకో రెండు పెడెస్టల్ ఫ్యాన్లు దించడానికి సిద్ధమయ్యారు. ఇద్దరిదీ మామూలు బుద్ధే, కానీ నవంబరులో రెండూ తప్పే.

తిరుపతి నుంచి తూర్పున సముద్రం వంద కిలోమీటర్ల లోపే. ఉత్తరాన, వాయవ్యాన శేషాచలం కొండలు గోడలా నిలబడి ఉంటాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి తెచ్చే తడిగాలి వచ్చి ఇక్కడే ఆగుతుంది. 2015 నవంబరు, 2021 నవంబరు 18, 19 తేదీలు, 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను ఈ ఊరివాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అలాంటి వారాల్లో వాన ఆగినా గాలి ఆరదు.

ఈ కేసు నడిచిన వారం బయట 24 డిగ్రీలు, ఆర్ద్రత 90 శాతం. 24 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 21.8 గ్రాముల ఆవిరి పట్టగలదు, అందులో 90 శాతమంటే 19.6 గ్రాములు. గదిలో కావలసిన గాలి 30 డిగ్రీలు, 35 శాతం. అంటే 10.6 గ్రాములు. గది ఘనపరిమాణం 68 ఘనపు మీటర్లు. కిటికీలు తీసి గదిలో గాలి ఒక్కసారి పూర్తిగా మారితే 600 గ్రాముల నీళ్ళు కొత్తగా లోపలికి వచ్చినట్టు. గంటకు ఒక్కసారి మారినా రోజుకు 14 లీటర్ల పైనే. గాలిలోని తేమను లాగే యంత్రం, డీహ్యుమిడిఫయర్, ఆ నీళ్ళు లాగడంతోనే సరిపోతుంది, నేల దాకా దాని బలం చేరదు.

కిటికీలు తీసే ఉంచితే చెక్క ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి. చెక్క చుట్టూ ఉన్న గాలితో సర్దుకునే తేమ 27 డిగ్రీల దగ్గర ఇలా ఉంటుంది: ఆర్ద్రత 90 అయితే 20 శాతం, 80 అయితే 15.7, 70 అయితే 12.9, 60 అయితే 10.8, 50 అయితే 9.1, 40 అయితే 7.6, 30 అయితే 6.1. ముసురు గాలిలో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా టేకు 18కి దిగువకు రాదు. ఫ్యాను గాలి పై పొరను ఆరబెట్టి అడుగును అలాగే వదిలేస్తుంది కాబట్టి గుంట ఇంకా పెరుగుతుంది.

ఏసీ డ్రై మోడ్ గురించి కూడా అందరూ అడుగుతారు. చిన్న తడికి పనికొస్తుంది. ఇక్కడ పనికిరాదు. గది చల్లబడి కంప్రెసర్ ఆగగానే ఆర్ద్రత మళ్ళీ పైకి ఎక్కుతుంది, చల్లని చెక్క నీళ్ళు త్వరగా వదలదు. డీహ్యుమిడిఫయర్ వదిలే వేడి గదిలోనే ఉంటుంది, అదే మనకు కావలసింది.

మొదటి వారం పని

ముందుగా ఆ గది ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించడం. స్కర్టింగ్ ఎత్తులో ప్లగ్ పాయింట్లు ఉన్నాయి. తర్వాత నీళ్ళ రకం తేల్చడం. సిటౌట్ మట్టి కలిసిన వాననీళ్ళు కాబట్టి మురికిపట్టినవిగా లెక్క. డ్రైనేజీ ఎదురు తన్ని వచ్చిన నీళ్ళయితే ఆరబెట్టడం గురించి ఆలోచించే పనే లేదు, పలకలు తీసి పారేయాలి.

నాలుగు వైపులా స్కర్టింగ్ తీసి, పుట్టీ చెక్కేసి, పొడవు గోడల వెంట ఒక్కో వరుస పలకలు ఎత్తాం. ఎత్తిన ప్రతి పలక వెనకా పెన్సిల్‌తో వరుస, స్థానం రాయాలి. టంగ్ అరిగిన తీరు ఏ రెండు పలకలకూ ఒకేలా ఉండదు. ఈ వరుసలు తీయడంతో ఉబ్బిన నేలకు పక్కకు జరిగే చోటు దొరుకుతుంది, కింద ఉన్న ఖాళీలోకి గాలి పంపే దారీ ఏర్పడుతుంది. గుడారంలా లేచిన భాగం మరుసటి రోజుకే చాలావరకు కుంగింది.

రీపర్ల మధ్య మట్టిని సన్నని నాజిల్‌తో లాగి, తడిగుడ్డకు క్రిమిసంహారక ద్రావణం అద్ది తుడిచాం. బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళు పోయడం మన దగ్గర అలవాటు. ఇక్కడ అది వద్దు. ఇంకొన్ని లీటర్ల నీళ్ళు కలిపినట్టవుతుంది, ఇనుప మేకులు ఇంకా త్వరగా తుప్పు పడతాయి.

కిటికీలు, ఫ్రెంచ్ డోర్ సందులు 200 మైక్రాన్ల పాలిథీన్‌తో, టేపుతో మూసేశాం. గదిలో రోజుకు 50 లీటర్ల డీహ్యుమిడిఫయర్లు రెండు. ఆ 50 అనే అంకె 30 డిగ్రీలు, 80 శాతం ఆర్ద్రత దగ్గర కొలిచింది. గది 45 శాతానికి దిగాక అదే యంత్రం సగం కూడా లాగదు. అందుకే రెండు. ఒక్కొక్కటి 900 వాట్లు అనుకున్నా రోజంతా నడిస్తే రెండింటికీ కలిపి 43 యూనిట్లు. కరెంటు బిల్లు సంగతి ముందే చెప్పకపోతే తర్వాత పేచీ వస్తుంది. ఇంటి ఇన్వర్టర్ వీటిని మోయదు, వాన రోజుల్లో కరెంటు పోతే జనరేటరే గతి.

పలకలు తీసిన ఒక పక్క పాలిథీన్‌తో సొరంగంలా కట్టి, బ్లోయర్ గాలిని రీపర్ల మధ్యకు తోశాం. ఇక్కడ రీపర్లు వెడల్పు వైపు పరిచి ఉన్నాయి కాబట్టి గాలి ఒక పొడవు గోడ నుంచి ఎదుటి గోడకు సాఫీగా పోతుంది. రీపర్లు గాలికి అడ్డంగా ఉంటే ఈ పద్ధతి నడవదు, మధ్యమధ్య పలకలు ఎత్తాల్సిందే. అవతలి పక్క బయటికొచ్చే గాలి నేరుగా డీహ్యుమిడిఫయర్ ముఖానికి తగిలేలా పెట్టాలి. బూజు పట్టిన చోట గాలి తోయకూడదు, లాగాలి. లేదంటే బూజు రేణువులు ఇల్లంతా చేరతాయి. లాగిన గాలిని బయటికి వదలమని పుస్తకాల్లో ఉంటుంది, కానీ నవంబరు తిరుపతిలో బయటికి ఎంత వదిలితే అంత తడిగాలి ఇంకో సందు నుంచి లోపలికి వస్తుంది. ఈ గదిలో ఒక మూల తెల్లటి బూజు మొదలైంది. అక్కడి వరకు హెపా ఫిల్టరు (అతి సన్నని రేణువులనూ పట్టేది) ఉన్న యంత్రంతో లాగి, వడగట్టిన గాలిని గదిలోకే వదిలాం.

రెండో వారంలో ఆగిన మీటరు

మొదటి వారం అంకెలు బాగానే దిగాయి. అడుగు 26 నుంచి 19కి, పైభాగం 17 నుంచి 13కి, రీపర్లు 22కి. ఆ తర్వాత అడుగు 18 దగ్గర పాతుకుపోయింది. యంత్రాలు తిరుగుతున్నాయి, బకెట్‌లో నీళ్ళు పడుతున్నాయి, పలక మాత్రం కదలదు.

సిమెంటు మీద 45 సెం.మీ. చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి రాత్రంతా, అంటే కనీసం 16 గంటలు వదిలాం. తీసి చూస్తే అడుగున నీటి బొట్లు, సిమెంటు ముదురు రంగు. గోడ దగ్గర, గది మధ్యలో, తలుపుకు దూరంగా ఉన్న మూలలో మూడు చోట్ల పెట్టాం. తలుపు నుంచి వచ్చిన నీళ్ళే కారణమైతే తలుపుకు దూరమయ్యేకొద్దీ చెమ్మ తగ్గాలి. మూడు చోట్లా ఒకేలా ఉంది. అంటే చెమ్మ వస్తున్నది కింద నుంచి. పాత ఇల్లు, నేల కింద చెమ్మను ఆపే పొర లేదు. ముసురుకు నానిన భూమి సిమెంటుకు నీళ్ళు అందిస్తూనే ఉంది. మనం లాగేది ఇంటి చుట్టూ ఉన్న మట్టిలోని నీళ్ళనన్నమాట.

సిమెంటు మీద పిన్ మీటరు ఈ సంగతి చెప్పలేదు, అది మొదటి రోజు నుంచీ చివరి దాకా ఒకటే పెద్ద అంకె చూపింది. బోరు నీళ్ళతో కట్టిన ఇళ్ళలో సిమెంటు మీద తెల్లటి ఉప్పు తేలి ఉంటుంది. ఉప్పు కరెంటును పంపుతుంది కాబట్టి ఆరిన సిమెంటూ తడిగానే కనిపిస్తుంది. పాలిథీన్ పరీక్షకు ఆ గొడవ లేదు.

ఇక్కడ రెండు దారులు. యంత్రాలను ఇంకో నెల అద్దెకు ఉంచి పోరాడటం, లేదా పోరాటం తగ్గించి పొడి రోజుల కోసం ఆగడం. చాలామంది మొదటి దారి పట్టి, అడుగు 18, పైన 13 ఉన్నప్పుడే ఓపిక నశించి శాండింగ్ మిషన్ (పలకల పైపొరను గీకి చదును చేసేది) తెప్పిస్తారు. అప్పటికి గుంట అర మిల్లీమీటరు ఉంటుంది. లేచిన అంచులను అర మిల్లీమీటరు కోసేస్తే నేల ఆ రోజుకు చదునుగా కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో అడుగు కూడా ఆరి పలక తన ఆకారానికి వచ్చాక, కోసేసిన అంచులు పల్లంగా, మధ్య వీపులా మిగిలిపోతుంది. దాన్ని సరిచేయాలంటే మళ్ళీ కోయాలి. టంగ్ పైన ఉండే చెక్క ఆరు మిల్లీమీటర్లే, అందులో ప్రతి అర మిల్లీమీటరూ నేల ఆయుష్షులోంచి తగ్గుతుంది.

కాబట్టి రెండో దారే పట్టాం. పలకలన్నీ ఎత్తి, మధ్య మధ్య సన్న రీపు ముక్కలు పెట్టి పై అంతస్తు గదిలో పేర్చడం. మీద బరువు పెట్టాలి, లేకపోతే ఆరేటప్పుడు మెలికపడతాయి. రీపర్లు వేపచెక్కవి, సగం మెత్తబడ్డాయి, తీసి పారేశాం. కింది గదిలో ఒక్క డీహ్యుమిడిఫయర్‌ను 55 శాతం దగ్గర ఆగేలా పెట్టి, బూజు రాకుండా చూస్తే చాలు. ఇన్సూరెన్సు ఉన్న ఇల్లయితే ఈ నిర్ణయం తీసుకున్న రోజు రీడింగులు, పాలిథీన్ ఫోటోలు తప్పనిసరిగా దాచాలి. "నెల రోజులు యంత్రాలు ఎందుకు తిప్పలేదు, పలకలు ఎందుకు తీశారు" అని సర్వేయర్ అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి.

చెదల మందు ఎప్పుడు

పలకలు ఎత్తినప్పుడు గోడ మూలన రెండు రీపర్ల మీద చెదల మట్టి దారులు కనిపించాయి. టేకును చెదలు అంత తొందరగా ముట్టుకోవు, తడిసి మెత్తబడిన రీపర్లు వాటికి విందు. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు గోడ, నేల కలిసే చోట 30 సెం.మీ.కి ఒకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేసి, రంధ్రానికి లీటరు దాకా మందు నీళ్ళు పోస్తారు. ఈ గది చుట్టుకొలత 19.2 మీటర్లు. 64 రంధ్రాలు, అంటే 64 లీటర్ల దాకా నీళ్ళు నేల కిందికే. ఆరబెట్టడం అయిపోయాక, పలకలు బిగించాక ఈ పని చేయించిన ఇళ్ళలో నెలలోపే నేల మళ్ళీ గుంటపడటానికి కారణం ఇదే, నేరం మాత్రం వడ్రంగి మీద పడుతుంది. ఇక్కడ పలకలు ఎత్తిన వెంటనే, డిసెంబరులోనే మందు కొట్టించాం. ఆ నీళ్ళు ఆరడానికి ఇంకా రెండు నెలల సమయం ఉంది.

సంక్రాంతి దాటాక

జనవరి చివరి నుంచి మార్చి దాకా తిరుపతి గాలి చెక్కకు అనుకూలం. ఫిబ్రవరి మధ్యాహ్నం 32 డిగ్రీలు, 40 శాతం ఉంటే ఆవిరి 13.5 గ్రాములు. తెల్లవారుజామున 20 డిగ్రీలు, 85 శాతం ఉంటే 14.7. గాలిలో నీళ్ళు రోజంతా దాదాపు అంతే, వేడి మారడం వల్ల ఆర్ద్రత మారుతోంది. అందుకని పదకొండు గంటలకు కిటికీలు తీసి, నాలుగింటికి మూసేయాలి. పగటి వేడి గదిలో నిలిస్తే రాత్రి కూడా ఆర్ద్రత 60 లోపే ఉంటుంది. రాత్రంతా తీసి ఉంచితే పొద్దున్న పలకల మీద మంచు దిగినంత పని అవుతుంది. యంత్రాలు అక్కర్లేని, కరెంటు ఖర్చులేని ఆరబెట్టడం ఇది.

ఫిబ్రవరి నెలాఖరుకు పాలిథీన్ పరీక్షలో సిమెంటు పొడిగా వచ్చింది. పై గదిలో పేర్చిన పలకలు పైన 10.4, అడుగున 10.9. రెండు వారాల తేడాతో తీసిన రీడింగులు మారలేదు. గుంట 0.2 నుంచి 0.3 మి.మీ. మధ్య మిగిలింది, అది శాండింగ్‌లో పోయేదే.

10.5 దగ్గర ఆగడానికి కారణం చెప్పాలి. అమెరికా పద్ధతులు చెప్పే పుస్తకాల్లో 6 నుంచి 9 శాతం అని ఉంటుంది. అవి చలికాలం హీటర్లు నడిచే ఇళ్ళు. చెక్క తేమకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 287 దేశాన్ని ఆర్ద్రతను బట్టి నాలుగు మండలాలుగా విడదీస్తుంది, దారి చూపడానికి మంచిదే కానీ మండలం సగటు ఒకే ఇంట్లో మే నెలకూ నవంబరుకూ మధ్య ఉండే ఊపును చెప్పదు. తిరుపతిలో ఏసీ మితంగా వాడే ఇంట్లో టేకు మేలో 8కి దిగుతుంది, నవంబరులో 13, 14కి ఎక్కుతుంది. నేలను ఆ రెండింటి మధ్యలో బిగించాలి. యంత్రాలతో 7కి దించి బిగిస్తే వచ్చే కార్తీకంలో గోడలను తోస్తుంది. 14 దగ్గర బిగిస్తే రోహిణి కార్తెకు పలకల మధ్య అరిగిన నాణెం దూరేంత సందులు పడతాయి.

మేలో సందులు చూసి వుడ్ ఫిల్లర్ దట్టించడం ఇంకో పొరపాటు. అప్పటికి పలకలు ఏడాదిలోనే అతి సన్నగా ఉంటాయి. నవంబరులో ఉబ్బి ఫిల్లర్‌ను పైకి కక్కుతాయి, కక్కలేకపోతే నేలే లేస్తుంది.

మళ్ళీ బిగించిన తీరు

సిమెంటు మీద రెండు పొరలుగా ఎపాక్సీ తేమ నిరోధక పూత, దాని మీద 200 మైక్రాన్ల పాలిథీన్, అతుకుల దగ్గర 20 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా. పాలిథీన్‌కు గోడ మీదికి కొంత మడత ఇవ్వాలి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. కొత్త రీపర్లు మందు పట్టించినవి. విరిగిన పలకలకు బదులుగా డిపోలో కొన్న టేకు "కిల్న్ డ్రై" (బట్టీలో ఆరబెట్టినది) అని చెప్పి అమ్మారు, మీటరు పెడితే 15. బయట షెడ్డులో నిలవ ఉన్న సరుకు ముసురుకాలం గాలిని తాగే ఉంటుంది. పాత పలకలతో పాటు అదే గదిలో పేర్చి, వాటితో సమానమయ్యాకే వాడాం.

వెడల్పు 4.2 మీటర్లు. 10.5 నుంచి 13.5కి వెళితే లెక్క ప్రకారం గరిష్ఠంగా 24 మి.మీ. పెరగాలి. మేకులు ప్రతి పలకనూ పట్టి ఉంచుతాయి, పలకల మధ్య కొంత సర్దుబాటు జరుగుతుంది, కాబట్టి అంతా గోడ దాకా రాదు. అయినా రెండు వైపులా 15 మి.మీ. వదిలి, దాన్ని కప్పేలా 20 మి.మీ. స్కర్టింగ్ పెట్టాం. స్కర్టింగ్‌ను గోడకే బిగించాలి, పలకకు కాదు. పెయింటర్లు వచ్చే రోజు ఎవరో ఒకరు దగ్గరుండి ఆ సందులోకి పుట్టీ పోకుండా చూడాలి.

మేకుల చుట్టూ నల్ల మచ్చలు పడ్డాయి. తడి టేకులోని రసానికి ఇనుము తగిలితే వచ్చేవి ఇవి, బూజు కాదు, ఆమ్లంతోనే పోతాయి. వేడినీళ్ళు లీటరుకు 60 నుంచి 80 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి, మచ్చ వరకే బ్రష్‌తో అద్ది, అరగంట తర్వాత తడిగుడ్డతో రెండు మూడు సార్లు తుడిచేయాలి. గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. ఆరాక మిగిలే తెల్ల పొడిని పొడిగా గీకితే గొంతులోకి పోతుంది. అది తుడిచాకే మిషన్ పెట్టాలి. మళ్ళీ బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ మేకులు వాడాం.

శాండింగ్ 60 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 80, 120తో ముగిసింది. 36తో మొదలెడితే పని త్వరగా అవుతుంది, అక్కర్లేని చెక్కా పోతుంది. చివరి శాండింగ్ తర్వాత టేకును అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఎగిరిపోగానే మొదటి చేయి పీయూ పట్టించాలి. టేకులో సహజంగా ఉండే నూనె పైకి తేలితే పీయూ పొరలుగా లేస్తుంది. అసిటోన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో దీపం, స్విచ్ వేయడం పనికిరాదు. ఈ పని మార్చి ఉదయాల్లో చేయాలి. నవంబరు గాలిలో నీటి ఆధారిత పీయూ గంటల తరబడి అంటుకుంటూ ఉంటుంది. మే మధ్యాహ్నం రోలరు వెనక్కి తిరిగేలోపే అంచు ఆరిపోయి చారలు కడుతుంది.

వేసవిలో తడిస్తే

అదే ఊళ్ళో ఏప్రిల్‌లో ఆర్వో ఫిల్టరు ట్యూబు ఊడి ఇలాంటి నేలే తడిస్తే గాలి మన పక్షాన ఉంటుంది. 41 డిగ్రీలు, 22 శాతం గాలిలో ఆవిరి 12 గ్రాములే. అది 33 డిగ్రీల గదిలోకి వచ్చినా 33 శాతం. తొందర వద్దు అన్నదే అప్పటి జాగ్రత్త. తలుపులు బార్లా తీసి వడగాలి తగలనిస్తే పై పొర ఒక్క పూటలో 7కి దిగుతుంది, అడుగు 24 దగ్గరే ఉంటుంది. ఆ లాగుడుకు పైన నిలువు పగుళ్ళు పడతాయి, అవి పూడవు. అప్పుడు మొదట స్కర్టింగ్ తీసి కింది ఖాళీకే గాలి పంపాలి, గదిని 45, 50 శాతం మధ్య ఉంచాలి, ఎండ పడే కిటికీకి తెర కట్టాలి. ఇంజినీర్డ్ పలకలు (చెక్క పొరలు అతికించి చేసినవి) నురుగు షీటు మీద పరిచి ఉంటే ఆ షీటు తడిని పట్టుకుని వదలదు, పలకలు ఎత్తకుండా దారి లేదు. లామినేట్ అయితే తడిసిన హెచ్‌డీఎఫ్ (చెక్కపీచును నొక్కి చేసిన బోర్డు) ఉబ్బి తిరిగి రాదు. యంత్రాల అద్దెకు పెట్టే డబ్బుతో కొత్తది వేసుకోవడం మేలు.

చిత్తూరు, ఇంకా ఎత్తున ఉన్న మదనపల్లె వైపు ఈ లెక్కలు అలాగే నడపకూడదు. పగటి వేడి తక్కువ, శీతాకాలం రాత్రి చలి ఎక్కువ. కిటికీలు తీసే సమయం తిరుపతి కంటే ఆలస్యంగా మొదలై త్వరగా ముగుస్తుంది. రెండు వందల రూపాయల డయల్ హైగ్రోమీటరును నమ్మకుండా, తడి బల్బు, పొడి బల్బు థర్మామీటరు జత ఒకటి గదిలో, ఇంకో జత వరండాలో పెట్టుకుంటే ఏ గంటకు తలుపు తీయాలో అదే చెబుతుంది.

ఈ ఇంట్లో సిటౌట్‌కు 75 మి.మీ. గొట్టం స్థానంలో 110 మి.మీ. గొట్టం వేసి, దానికి పైకి పొడుచుకొచ్చిన జాలీ పెట్టించాం. చదును జాలీ మీద ఒక్క ఆకు పడినా మూసుకుపోతుంది. రెండో గొట్టం ఇంకో మూలన, మొదటిదాని కంటే 20 మి.మీ. ఎత్తున, గడప కంటే దిగువన. మొదటిది పూడితే నీళ్ళు గదిలోకి రాకముందే దీని నుంచి బయటికి పోతాయి. తర్వాతి నవంబరు ముసురులో పలకలు 12.9 చూపాయి, గోడ పక్క 15 మి.మీ. సందులో 9 మిగిలింది.